రఫ్ సీలో ఓడ స్పీడు ఎలా కొలుస్తారు? హైదరాబాద్ ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌కి సముద్రం లేదు, కానీ పిల్లల్ని సముద్రం మీదికి పంపిన ఇళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. కూకట్‌పల్లి, నిజాంపేట వైపు నాకు తెలిసినవాళ్లలో మర్చంట్ నేవీ కుర్రాళ్ల అమ్మానాన్నలు చాలామంది. అందరి ఫోన్లలోనూ ఓడల్ని చూపించే యాప్ ఉంటుంది, వానాకాలం మొదలయ్యేసరికి అందరికీ అందులోని స్పీడు నంబరు మీదే టెన్షన్. నేను కొన్నాళ్లు ఓడల మీద నావిగేటింగ్ ఆఫీసర్‌గా పనిచేశాను కాబట్టి ఆ ప్రశ్నలన్నీ నా దగ్గరికే వస్తాయి. ప్రతిసారీ ఫోన్లో మొదటినుంచీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసిపెడుతున్నాను.

మా అబ్బాయి షిప్ నిన్న 13 నాట్స్‌లో వెళ్లింది, ఇవాళ 6 చూపిస్తోంది. ఏమైనా జరిగిందా?

ఏమీ జరిగి ఉండదమ్మా. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అరేబియా సముద్రంలో ఉంటే అది రోజూ ఉండేదే. ఎదురు అలలు పెద్దవైతే ఓడ తనంతట తానే నెమ్మదిస్తుంది, అది చాలక కెప్టెన్ కూడా ఇంజిన్ తగ్గిస్తాడు, దానికి తోడు ఎదురు ప్రవాహం ఉంటే ఇంకో రెండు నాట్స్ పోతాయి. అసలు వాతావరణంతో సంబంధమే లేకుండా, పోర్టులో బెర్తు ఖాళీ లేదు, తొందరపడొద్దు అని ఆఫీసు చెప్పినా స్పీడు తగ్గుతుంది.

ఇంజిన్ నిజంగా ఆగిపోతే యాప్‌లో స్టేటస్ ‘నాట్ అండర్ కమాండ్’ అని మారాలి. మారాలి అనే అంటున్నాను, ఎందుకంటే ఆ స్టేటస్‌ని బ్రిడ్జ్ మీద, అంటే ఓడని నడిపే గదిలో, ఉన్న ఆఫీసరే చేత్తో మార్చాలి, చాలామంది మర్చిపోతారు. లంగరు వేసి రెండు రోజులైనా ‘అండర్ వే’ అని కనిపించే ఓడలు కొల్లలు. అందుకని స్టేటస్‌ని కాదు, గత పన్నెండు గంటల్లో ఓడ నడిచిన గీతను చూడండి. గీత నిలకడగా ఒక దిక్కుకు సాగుతుంటే బెంగ అక్కర్లేదు.

అసలు ఓడకి ఒక స్పీడు ఉంటుందా, రెండా?

రెండు. ఈ పేజీలో ఇంకేదీ చదవకపోయినా ఇది మాత్రం చదవండి, మిగతా సగం ప్రశ్నలు దీంతోనే తేలిపోతాయి.

అమీర్‌పేట మెట్రో స్టేషన్లో ఎస్కలేటర్ మీద నడుస్తూ పైకి వెళ్లే మనిషిని తీసుకోండి. మెట్ల మీద అతను నడిచే వేగం ఒకటి, కింద నిలబడి చూసేవాడికి కనిపించే వేగం ఇంకొకటి. ఓడ సంగతీ అంతే. నీటిని కోసుకుంటూ ఎంత వేగంతో వెళ్తోందన్నది నీటి స్పీడు, ఓడ మీద దాన్ని ఎస్‌టీడబ్ల్యూ అంటారు. ఆ నీరు కూడా కదులుతుంది కాబట్టి భూమి లెక్కలో ఓడ ఎంత ముందుకు జరిగిందన్నది నేల స్పీడు, దాన్ని ఎస్‌ఓజీ అంటారు. నీటి స్పీడు 12 ఉండి ఎదురుగా 3 నాట్స్ ప్రవాహం ఉంటే నేల స్పీడు 9. వెనకనుంచి అదే ప్రవాహం తోస్తే 15. ఇంజిన్ మాత్రం రెండుసార్లూ ఒకేలా కష్టపడుతుంది.

మీ యాప్ చూపించేది నేల స్పీడే. ఇంజిన్ ఎంత కష్టపడుతోందో, ఓడ దెబ్బలు తింటోందో లేదో అందులో కనిపించదు.

ఒక నాట్ అంటే ఎన్ని కిలోమీటర్లు?

గంటకు 1.852 కిలోమీటర్లు. నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు, 1929లో అంతర్జాతీయంగా ఖరారు చేశారు. అక్షాంశంలో ఒక నిమిషానికి దాదాపు అంత దూరం వస్తుంది కాబట్టి చార్టు మీద కొలుచుకోవడం సులువు. నాట్‌లోనే గంట ఉంది, కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాళ్లు ‘గంటకు 12 నాట్స్’ అనకండి. అడిగేవాడు కెప్టెన్ అయితే మొహం చిట్లిస్తాడు.

జీపీఎస్ లేని రోజుల్లో ఎలా కొలిచేవారు?

అన్నిటికన్నా మోటు పద్ధతి, ఓడ ముందు భాగం నుంచి ఒక చెక్కముక్కను నీళ్లలో పడేసి, అది వెనక భాగం దాటడానికి ఎంత సేపు పట్టిందో లెక్కపెట్టడం. ఓడ పొడవు తెలుసు, సమయం తెలుసు, అంతే.

తర్వాత వచ్చింది తాడు. అడుగున సీసం బిగించిన చెక్క పలకను నీళ్లలో వదిలితే అది ఉన్నచోటే నిలబడుతుంది, ఓడ ముందుకు వెళ్తుంటే తాడు చుట్ట విప్పుకుంటుంది, తాడుకి వేసిన ముడులు చేతిలోంచి ఎన్ని జారాయో లెక్కపెడతారు. 1574లో ఇంగ్లండ్‌కి చెందిన విలియం బోర్న్ దీని గురించి రాశాడు. చివరికి స్థిరపడిన కొలత ఇది: ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు, ఇసుక గడియారం 28 సెకన్లది. భాగించి చూడండి, సెకనుకి సుమారు 1.69 అడుగులు వస్తుంది, అంటే సరిగ్గా ఒక నాట్.

రఫ్ సీలో ఇది నమ్మకంగా పనిచేసేదా అంటే లేదు. వెనకనుంచి వచ్చే అల పలకను ఓడవైపు నెట్టేస్తే స్పీడు తక్కువ వచ్చేది. తడిసిన తాడు కొలత మారేది, తేమ తగిలితే ఇసుక జారడం మందగించేది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు తాడు చెప్పినదానికి కొంత కలుపుకుని, కొంత తీసేసుకుని రాసేవారు. 19వ శతాబ్దంలో ఓడ వెనక తాడుకి కట్టి ఈడ్చే చిన్న మర లాగ్‌లు వచ్చాయి (లాగ్ అంటే ఓడ స్పీడు కొలిచే పరికరం), నీళ్లలో ఎన్నిసార్లు తిరిగిందో చెప్పే డయల్ ఓడ వెనక రెయిలింగుకి ఉండేది. వాటికి నాచు చుట్టుకునేది, కొన్నిసార్లు పెద్ద చేపలు మింగేసేవి కూడా.

ఇప్పటి ఓడల అడుగున ఏం పరికరం ఉంటుంది?

ఎక్కువగా రెండు రకాలు. మొదటిది విద్యుదయస్కాంత లాగ్. ఓడ అడుగున చిన్న కాయిల్ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, ఉప్పునీరు విద్యుత్తుని ప్రవహింపజేస్తుంది కాబట్టి ఆ క్షేత్రం గుండా నీరు కదిలితే అతి చిన్న వోల్టేజి పుడుతుంది, స్పీడు పెరిగే కొద్దీ అదీ పెరుగుతుంది. సూత్రం ఫారడేది. 1832లో ఆయన లండన్ వాటర్లూ వంతెన దగ్గర థేమ్స్ నదిలో తీగలు వేలాడదీసి ఇదే కొలవాలని చూశాడు, అప్పటి పరికరాలతో కుదరలేదు.

రెండోది డాప్లర్ లాగ్. అడుగునుంచి ఏటవాలుగా శబ్ద తరంగాలను పంపి, తిరిగొచ్చిన దాని పౌనఃపున్యంలో తేడాను బట్టి స్పీడు చెబుతుంది. లోతు సుమారు 200 మీటర్ల లోపు ఉంటే శబ్దం సముద్రపు నేలకే తగిలి వస్తుంది, అప్పుడు అది నేల స్పీడు ఇస్తుంది. అంతకన్నా లోతైతే నీటిలో తేలే సూక్ష్మజీవుల, రేణువుల నుంచి తిరిగొచ్చిన దాన్ని పట్టుకుంటుంది, అది నీటి స్పీడు. బంగాళాఖాతం సగటు లోతే దాదాపు 2,600 మీటర్లు, కాబట్టి విశాఖ దాటి లోపలికి వెళ్లాక నేల దొరకదు.

ఓడల భద్రతకు పెట్టిన అంతర్జాతీయ సోలాస్ నిబంధనల ప్రకారం 300 టన్నులు, ఆపైన ఉన్న ఓడలకు నీటి స్పీడు చూపే పరికరం ఉండి తీరాలి. 50,000 టన్నులు దాటితే నేల స్పీడు పరికరం కూడా కావాలి, అదీ ముందుకే కాక పక్కకు జరిగే వేగం కూడా చూపించాలి. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, ఓడ లోపలి పరిమాణాన్ని బట్టి లెక్కగట్టే గ్రాస్ టన్నేజీ.

అలలు పెద్దవైతే ఈ లాగ్‌లు ఎందుకు తడబడతాయి?

దీనికి కొంచెం పొడుగ్గానే చెప్పాలి, అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

అల అంటే నీరు ముందుకు పరుగెత్తడం కాదు. లోతైన సముద్రంలో అల రూపం ముందుకు పోతుంది, నీరు మాత్రం ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. అల శిఖరం దగ్గర నీరు అల వెళ్లే వైపుకి కదులుతుంది, పల్లంలో వెనక్కి కదులుతుంది. 4 మీటర్ల ఎత్తు, 10 సెకన్ల వ్యవధి (ఒక శిఖరం తర్వాత ఇంకో శిఖరం రావడానికి పట్టే సమయం) ఉన్న అలను తీసుకుందాం, మన వానాకాలపు అరేబియా సముద్రంలో ఇదేమీ వింత కాదు. ఆ అలలో పైనీరు తిరిగే వేగం సుమారు 2.4 నాట్స్. లోతుకు వెళ్లే కొద్దీ తగ్గుతుంది కానీ పోదు, 10 మీటర్ల కింద ఇంకా 1.6 నాట్స్ ఉంటుంది. లాగ్ సెన్సార్ ఉండేది ఇంచుమించు ఆ లోతులోనే. అంటే 12 నాట్స్‌లో వెళ్లే ఓడ మీద డిస్‌ప్లే ఒకసారి 13.6, ఇంకోసారి 10.4 చూపించొచ్చు. పరికరం తప్పు చెప్పడం లేదు, తన పక్కనున్న నీరు ఎలా కదులుతోందో అదే చెబుతోంది. మనకు కావలసింది ఆ నీరు కాదు, అంతే తేడా.

ఈ ఊగిసలాట ఎంత వేగంగా జరుగుతుందన్నది ఓడ ఏ వైపు వెళ్తోందన్న దాని మీద ఉంటుంది. అదే 10 సెకన్ల అల లోతైన నీటిలో సుమారు 30 నాట్స్‌తో పరుగెడుతుంది, శిఖరానికీ శిఖరానికీ మధ్య 156 మీటర్లు. 12 నాట్స్ ఓడ దానికి ఎదురెళ్తే ప్రతి 7 సెకన్లకు ఒక అల తగులుతుంది, దానితో పాటే వెళ్తే పదహారు, పదిహేడు సెకన్లకు ఒకటి. ఎదురు అలల్లో ఒక నిమిషం సగటు తీసుకుంటే ఎనిమిది అలలు కలిసి హెచ్చుతగ్గులు చాలావరకు కొట్టుకుపోతాయి. వెనక అలల్లో నిమిషానికి మూడో నాలుగో, అందుకని ఇంకా ఎక్కువ సేపు చూడాలి.

తర్వాతి తలనొప్పి గాలి బుడగలు. ముక్కు భాగం నీళ్లలోంచి లేచి మళ్లీ పడినప్పుడు బోలెడు గాలిని కిందికి లాక్కెళ్తుంది, ఆ నురగ అడుగు వెంట జారుతూ సెన్సార్ మీదుగా పోతుంది. డాప్లర్ శబ్దానికి బుడగల పొర గోడలాంటిది, సిగ్నల్ పోయి డిస్‌ప్లేలో గీతలు వస్తాయి. సరుకు లేకుండా తేలిగ్గా వెళ్లే ఓడలో ఇది మరీ ఎక్కువ.

ఇక ఊగడం. డాప్లర్ లాగ్‌లో శబ్దాన్ని ముందుకొకటి, వెనక్కొకటి పంపుతారు, దాన్ని రెండు ముఖాల రోమన్ దేవుడి పేరుతో జానస్ అమరిక అంటారు. ఎందుకు రెండు? 60 డిగ్రీల ఏటవాలుతో ఒక్కటే పంపితే ఓడ ముక్కు 5 డిగ్రీలు లేచినా దించినా స్పీడు దాదాపు 15 శాతం తప్పు వస్తుంది. రెండూ పంపి తేడా తీస్తే ఒకదాని తప్పు ఇంకోదాని తప్పుని తినేసి, మిగిలేది 0.4 శాతమే. ఓడ మొత్తంగా పైకి లేచినా, రెండింటిలోనూ ఒకే మార్పు వచ్చి రద్దయిపోతుంది. నాకు నచ్చిన ఇంజినీరింగ్ పనుల్లో ఇదొకటి.

అయినా దీనికీ హద్దుంది. నిబంధనల ప్రకారం పరికరం తప్పు 2 శాతం లేదా 0.2 నాట్, ఏది ఎక్కువైతే అది, దాటకూడదు. ఆ హామీ రోలింగ్ (పక్కలకు ఊగడం) 10 డిగ్రీలు, పిచింగ్ (ముక్కు లేచి దిగడం) 5 డిగ్రీల వరకే. సముద్రం నిజంగా విరుచుకుపడినప్పుడు ఓడ ఆ హద్దు దాటి ఊగుతుంది, అప్పుడు లాగ్ నంబరుకి పూచీ ఎవరిదీ కాదు.

జీపీఎస్ ఉండగా ఈ గోలంతా ఎందుకు?

జీపీఎస్ నీటి స్పీడు చెప్పలేదు, అదొకటి. రాడార్‌లో ఎదుటి ఓడ ఏ వైపు తిరిగి ఉంది, ఢీకొనే ప్రమాదం ఉందా అని చూసేటప్పుడు నీటి స్పీడునే వాడమంటారు, ఎందుకంటే రెండు ఓడలూ అదే నీటిలో ఉన్నాయి.

రెండోది, రఫ్ సీలో జీపీఎస్ కూడా ఊగుతుంది. యాంటెన్నా ఉండేది బ్రిడ్జ్ పైన మాస్ట్ మీద. ఓడ ఏ అక్షం చుట్టూ ఊగుతోందో దానికి 30 మీటర్ల ఎత్తులో యాంటెన్నా ఉందనుకోండి, అటు 10 ఇటు 10 డిగ్రీలు, 12 సెకన్లకోసారి రోల్ అవుతోందనుకోండి. మధ్యలోంచి దాటేటప్పుడు యాంటెన్నా పక్కకు 5.3 నాట్స్ వేగంతో కదులుతుంది! ఓడ 12 నాట్స్‌లో ముందుకు వెళ్తుంటే ఈ రెండూ కలిసి ఆ క్షణానికి 13 దాటుతుంది, దిశ 24 డిగ్రీలు పక్కకు తిరిగినట్టు కనిపిస్తుంది. రిసీవర్లు దీన్ని చాలావరకు నునుపు చేసి చూపిస్తాయి కాబట్టి తెర మీద అంత దారుణంగా ఉండదు. కానీ ఒక విషయం గమనించండి, పక్క ఊపు వల్ల వచ్చే తప్పు స్పీడుని పెంచుతుందే కానీ తగ్గించదు. నీళ్లలో దాదాపు ఆగిపోయి రోల్ అవుతున్న ఓడ కూడా మూడు నాట్స్‌లో ఎటో పోతున్నట్టు చూపించొచ్చు.

మరి ఏ నంబరు రాస్తారు?

క్షణం నంబరు ఎవరూ రాయరు. ఒక గంట మొదట్లో ఓడ ఎక్కడుంది, చివర్లో ఎక్కడుంది, మధ్య దూరం ఎంత, అంతే. జీపీఎస్ స్థానంలో పది మీటర్ల తప్పు ఉన్నా 12 మైళ్ల దూరంలో అది లెక్కలోకి రాదు. సముద్రం ఎంత చెడుగా ఉంటే అంత పొడుగు సగటు తీయాలి, ఇదొక్కటే సూత్రం.

అధికారికంగా ఆఫీసుకి వెళ్లేది నూన్ రిపోర్ట్. మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు 12 దాకా నడిచిన దూరం, సగటు స్పీడు, గాలి, అలలు, ఇంధనం. ఇందులో ఒక చిక్కు ఉంది. తూర్పుకి వెళ్లే ఓడ గడియారం గంట ముందుకు తిప్పిన రోజు 23 గంటలే ఉంటుంది. గల్ఫ్ నుంచి విశాఖ వచ్చే ఓడ ఆ రోజు 299 మైళ్లు నడిస్తే సగటు 13.0. అలవాటుగా 24తో భాగిస్తే 12.5 కన్నా తక్కువ వస్తుంది, ఆఫీసునుంచి ఎందుకు తగ్గిందని మెయిల్ వస్తుంది.

ఇంజిన్ రూమ్ స్పీడు వేరు, బ్రిడ్జ్ స్పీడు వేరు అంటాడు మావాడు. అదేంటి?

మీవాడు ఇంజినీర్ అయి ఉంటాడు. ప్రొపెల్లర్ ఒక చుట్టుకి లెక్క ప్రకారం ఎంత ముందుకు వెళ్లాలో అది దాని పిచ్. పిచ్ 6 మీటర్లు, నిమిషానికి 90 చుట్లు అయితే ఓడ 17.5 నాట్స్ వెళ్లాలి. నిజంగా వెళ్లింది 14 అయితే 20 శాతం స్లిప్. ప్రశాంతంగా ఉన్న రోజుల్లో కొద్ది శాతమే ఉండే స్లిప్ ఎదురు అలల్లో ఇలా ఎగబాకుతుంది. నా మటుకు రఫ్ సీలో ఓడ ఎంత కష్టపడుతోందో చెప్పడానికి స్లిప్‌ని మించిన నంబరు లేదు. స్పీడు లాగ్ పాడైనా ప్రొపెల్లర్ చుట్లు అబద్ధం చెప్పవు. ఒకటే మినహాయింపు, వెనక భాగం పైకి లేచి ప్రొపెల్లర్ సగం గాలిలో తిరిగినప్పుడు చుట్లు ఒక్కసారిగా పెరిగిపోతాయి, దాన్ని రేసింగ్ అంటారు, చీఫ్ ఇంజినీర్‌కి బీపీ పెరిగేది అప్పుడే.

స్పీడు దానంతటదే తగ్గుతుందా, కెప్టెన్ తగ్గిస్తాడా?

రెండూ జరుగుతాయి. ఇంజిన్ అలాగే తిరుగుతున్నా గాలి, అలలు తోసేయడం వల్ల పోయేది ఒకటి. ముక్కు నీళ్లకు దబ్బున కొట్టుకుంటోందని, డెక్ మీదికి నీళ్లు ఎక్కుతున్నాయని కెప్టెన్ కావాలని తగ్గించేది ఇంకొకటి. వెనకనుంచి అలలు వచ్చేటప్పుడు కూడా తగ్గించాల్సి వస్తుంది, అది చాలామందికి ఆశ్చర్యం. ఓడ వేగం అల వేగానికి దగ్గరైతే అల దాన్ని మోసుకుపోతుంది, చుక్కాని మాట వినదు, ఓడ అడ్డం తిరిగే ప్రమాదం. అంతర్జాతీయ మార్గదర్శకాల్లో దీనికో లెక్క ఉంది: ఓడ పొడవు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 1.8తో హెచ్చించాలి. 100 మీటర్ల ఓడకి 18 నాట్స్. వెనక అలల్లో ఆ స్పీడు దగ్గరికి వెళ్లకూడదు.

యాప్‌లో ఓడ వెనక్కి వెళ్తోంది! స్పీడు 0.8, దిశ రివర్స్. ఇది కూడా మామూలేనా బాబాయ్?

తుపాను దగ్గర్లో ఉంటే మామూలే. దాన్ని హోవ్ టూ అంటారు. ముక్కుని అలలకు ఎదురుగా పెట్టి, చుక్కాని పనిచేయడానికి సరిపడా మాత్రమే ఇంజిన్ నడుపుతారు. నీటి స్పీడు మూడో నాలుగో ఉంటుంది, గాలీ ప్రవాహమూ కలిసి ఓడని మొత్తంగా వెనక్కి నెడితే నేల స్పీడు వెనక్కి చూపిస్తుంది. ప్రయాణం ఆలస్యమవుతుంది కానీ ఓడకీ మనుషులకీ అది మంచి పని. వాయుగుండం దాటిపోయాక మళ్లీ మామూలు గీత కనిపిస్తుంది.

102.3 నాట్స్ చూపించింది. విమానమా?

కాదు. ఓడ ఎక్కడుందో, ఎంత స్పీడులో ఉందో రేడియోలో చెబుతూ ఉండే ఏఐఎస్ పరికరానికి జీపీఎస్ నుంచి స్పీడు అందకపోతే ‘సమాచారం లేదు’ అని చెప్పడానికి పెట్టుకున్న సంకేతం 102.3. కొన్ని వెబ్‌సైట్లు దాన్ని తీసేయకుండా అలాగే చూపిస్తాయి.

ఆరు గంటలుగా అప్‌డేట్ లేదు. నిద్ర పట్టట్లేదు.

ఏఐఎస్ అనేది వీహెచ్ఎఫ్ రేడియో, తీరంలోని రిసీవర్‌కి ఇరవై నలభై మైళ్ల వరకే బాగా అందుతుంది. నడి సముద్రంలో ఉపగ్రహాలు పట్టుకోవాలి, ఆ డేటాకి చాలా యాప్‌లు డబ్బులు అడుగుతాయి. ఓడ మాత్రం పంపుతూనే ఉంటుంది, 14 నాట్స్ లోపైతే పది సెకన్లకోసారి, ఆపైన 23 దాకా ఆరు సెకన్లకోసారి. వినేవాళ్లే లేరు. పడుకోండి.

స్పీడు కొలతలో అర నాట్ తేడా వస్తే ఏం కొంప మునుగుతుంది?

డబ్బు మునుగుతుంది. ఓడని అద్దెకు తీసుకునేవాళ్లతో ఒప్పందంలో ‘సుమారు 13 నాట్స్, మంచి వాతావరణంలో’ అని రాసుకుంటారు. మంచి వాతావరణం అంటే సాధారణంగా బోఫోర్ట్ 4 వరకు, అంటే గాలి 16 నాట్స్ లోపు. ‘సుమారు’కి అర నాట్ వదిలేయడం వాడుక, కాబట్టి 12.5 రావాలి. వచ్చింది 12.2 అనుకోండి, 3,000 మైళ్ల ప్రయాణంలో దాదాపు ఆరు గంటల ఆలస్యం, ఆ అద్దె ఎవరు భరించాలి? అక్కడ మొదలవుతుంది గొడవ. ఓడ రిపోర్టులో బోఫోర్ట్ 6 అని ఉంటుంది, ఛార్టరర్ (ఓడని అద్దెకు తీసుకున్నవాడు) పెట్టుకున్న వెదర్ కంపెనీ ఉపగ్రహ లెక్కలో 4 అని ఉంటుంది. ఎదురు ప్రవాహాన్ని లెక్కలోంచి తీసేయాలా వద్దా అన్నది ఇంకో పంచాయితీ. లండన్‌లో ఇలాంటి కేసులు చూసే ఆర్బిట్రేటర్లకి పనికి కొదవుండదు. కుర్రాళ్లకి నేను చెప్పేది ఒకటే, లాగ్‌బుక్‌లో అల ఎత్తు రాసేటప్పుడు బయటికి చూసి రాయండి, పాత పేజీ చూసి కాపీ కొట్టకండి.

అలల ఎత్తు సంగతి సముద్రం లేని హైదరాబాద్‌లో ఎవరికి తెలుస్తుంది?

దేశంలో అందరికన్నా ముందు తెలిసేది హైదరాబాద్‌లోనే! ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, 1999 నుంచి. సునామీ హెచ్చరికల కేంద్రం కూడా 2007 నుంచి అక్కడే. అలల ఎత్తు, వ్యవధి, దిశ, దూరంనుంచి వచ్చే స్వెల్, ఉపరితల ప్రవాహాలు, అన్నిటికీ ముందస్తు అంచనాలు ఇస్తారు, వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. తుపాను ఎటు వెళ్తుందన్నది చెప్పేది వాతావరణ శాఖ, ఆ తుపాను ఎంత అల లేపుతుందన్నది చెప్పేది వీళ్లు.

విశాఖ లాంటి చోట్ల తీరానికి దగ్గర్లో తేలే బోయాలు ఉంటాయి, లోపల ఉన్న యాక్సిలరోమీటర్ అది ఎంత ఎగిరి పడుతోందో కొలుస్తుంది, దాన్ని లెక్కగట్టి అల ఎత్తు తీస్తారు. పైనుంచి ఉపగ్రహాలు రాడార్‌తో కొలుస్తాయి, భారత్, ఫ్రాన్స్ కలిసి 2013లో పంపిన సరళ్ వాటిలో ఒకటి. అంచనాలో ‘4 మీటర్లు’ అని చూస్తే అన్ని అలలూ 4 మీటర్లని కాదు. అది అన్నిటికన్నా పెద్ద మూడో వంతు అలల సగటు. మధ్యమధ్యలో దానికి దాదాపు రెట్టింపు అల కూడా రావచ్చు, ఓడవాళ్లు భయపడేది దానికే.

కొత్త ఓడ స్పీడుని రఫ్ సీలో పరీక్షిస్తారా?

లేదు, వీలైనంత ప్రశాంతమైన రోజు చూసుకుంటారు. ఒకే దారిలో అటొకసారి ఇటొకసారి నడిపి సగటు తీస్తారు, ప్రవాహం రద్దవుతుందని. మిగిలిన కొద్దిపాటి గాలికీ అలలకీ ఐఎస్ఓ 15016 అనే ప్రమాణం ప్రకారం సవరణ చేస్తారు. అలల్లో ఎలా నడుస్తుందన్నది ముందే నమూనాలతో చూసుకుంటారు, విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్ అనే నౌకాదళ పరిశోధనశాలలో దానికోసం 500 మీటర్ల పొడవున్న టోయింగ్ ట్యాంక్ (నమూనాల్ని లాగి చూసే నీటి తొట్టి) ఉంది, అలల్లో నమూనాల్ని వదిలి చూసే వేరే కొలను కూడా ఉంది. ఓడని 25 వంతులు చిన్నది చేస్తే వేగం 5 వంతులే తగ్గించాలి, అల వ్యవధి కూడా అంతే. 15 నాట్స్ ఓడ నమూనా 3 నాట్స్‌లో నడుస్తుంది, 10 సెకన్ల అల 2 సెకన్లలో వచ్చిపోతుంది. నమూనా ఊగే వీడియోలు చూస్తే భయం వేయకపోవడానికి కారణం అదే, అన్నీ ఐదింతలు తొందరగా జరిగిపోతాయి.

ఇదంతా మేం ఇక్కడ చేసి చూడొచ్చా?

భేషుగ్గా. లుంబినీ పార్క్ నుంచి బుద్ధ విగ్రహానికి వెళ్లే బోటు ఎక్కండి. ముందు భాగం పక్కనున్న నీటి మీద ఏ ఆకో, నురగో కనబడితే అది వెనక భాగం దాటేదాకా సెకన్లు లెక్కపెట్టండి (మీరేమీ పారేయొద్దు, హుస్సేన్ సాగర్‌లో ఉన్న చెత్త చాలు). బోటు పొడవు 10 మీటర్లు, పట్టింది 5 సెకన్లు అయితే 3.9 నాట్స్. ఫోన్ జీపీఎస్ కూడా దాదాపు అంతే చెబుతుంది, చెరువులో ప్రవాహం లేదు కాబట్టి.

పాపికొండల టూర్‌కి వెళ్లినప్పుడు మళ్లీ ఇదే చేయండి. గోదావరిలో ఎదురెక్కేటప్పుడు ఆకు లెక్క 6 నాట్స్ వచ్చి ఫోన్ 4.5 చూపిస్తే నది 1.5 నాట్స్‌తో పారుతోందన్నమాట. తిరిగొచ్చేటప్పుడు బోటువాడు ఇంజిన్ అలాగే ఉంచితే ఆకు మళ్లీ 6 చెబుతుంది, ఫోన్ 7.5 చూపించాలి. చూపించకపోతే బోటువాడు డీజిల్ పొదుపు చేస్తున్నాడు.